సాక్షి మిగిలిన మరణం: ఆండ్రూ మినార్‌స్కీ స్మృతి చరిత్ర

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో శత్రుదేశపు నగరాలు, కర్మాగారాలు, రైలుమార్గాలపై బాంబులు వేసే బాధ్యత వహించిన బ్రిటిషు వైమానిక విభాగాన్ని బాంబర్ కమాండ్ అని పిలిచేవారు. 1939 నుంచి 1945 వరకు ఈ విభాగంలో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది, అనగా నూటికి 44 మంది, ప్రాణాలు కోల్పోయారు. వీరంతా ఇష్టపూర్వకంగా ముందుకు వచ్చి విమానం ఎక్కినవారు. వీరి సగటు వయసు 22 ఏళ్లకు అటూ ఇటూగా ఉండేది. బ్రిటన్ వారితో పాటు కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండు వంటి కామన్వెల్తు దేశాల యువకులు, జర్మనీ ఆక్రమణకు గురైన పోలండు, చెకోస్లొవేకియా, ఫ్రాన్సు దేశాల నుంచి తప్పించుకొని వచ్చినవారు కూడా ఇందులో ఉండగా, మరణించినవారిలో కెనడా వారే సుమారు పదివేల మంది.

నేలమీద పోరాడే సైనికుడు పడిపోయినప్పుడు పక్కన తోటివారు ఉంటారు; అతడు ఎక్కడ, ఎలా మరణించాడో ఇంటివారికి ఉత్తరం రాసే అధికారి ఉంటాడు. రాత్రివేళ పరాయిదేశపు ఆకాశంలో కూలిన బాంబర్ విషయంలో ఇది సాధ్యపడేది కాదు. ఒకే విమానంలో ఏడుగురు ఎగిరేవారు, చాలాసార్లు ఏడుగురూ కలిసే మరణించేవారు; ఆ చివరి నిమిషాల్లో ఎవరు ఏం చేశారో చెప్పడానికి ఎవరూ మిగిలేవారు కారు. అందువల్ల ఈ యువకుల స్మృతికి సంబంధించిన చరిత్ర ప్రధానంగా సాక్ష్యాల చరిత్ర: సాక్షి మిగిలినచోట ఒక వీరగాథ రూపొందింది, సాక్షి మిగలనిచోట ఒక పేరు మాత్రమే దక్కింది. కెనడాకు చెందిన ఆండ్రూ ఛార్లెస్ మినార్‌స్కీ మరణమూ, తరువాత ఏడు దశాబ్దాల పాటు ఆ మరణాన్ని స్మరించిన తీరూ ఈ విషయాన్ని స్పష్టంగా చూపిస్తాయి.

మినార్‌స్కీ 1916 అక్టోబరు 14న కెనడా మధ్యభాగంలోని మానిటోబా రాష్ట్ర రాజధాని విన్నిపెగ్‌లో, పోలండు నుంచి వలస వచ్చిన దంపతులకు జన్మించాడు. తూర్పు ఐరోపా నుంచి వచ్చిన శ్రామిక కుటుంబాలు అధికంగా స్థిరపడిన నగరం అది. చలి తీవ్రమైన ఆ ప్రాంతంలో ఉన్ని, తోలు, బొచ్చు వస్త్రాల తయారీ ముఖ్యమైన జీవనాధారం. పదహారో ఏట తండ్రి మరణించడంతో కుటుంబ భారం పంచుకోవలసి వచ్చిన మినార్‌స్కీ, ఆ వృత్తిలోనే చేరి తోళ్లు కత్తిరించే పనివాడయ్యాడు. తీరిక సమయంలో చెక్కతో సామాను, బొమ్మ విమానాలు తయారు చేయడం అతనికి ఇష్టమైన వ్యాపకం. అతని తల్లిదండ్రుల దేశాన్ని 1939 సెప్టెంబరులో జర్మనీ ఆక్రమించింది. అయినా అతడు సైన్యంలో చేరడానికి అదే కారణమని చెప్పే పత్రం ఏదీ చూపకుండా ఆ రెండింటినీ ముడిపెట్టడం తొందరపాటు అవుతుంది. కొద్దికాలం స్థానిక పదాతి దళంలో పనిచేసిన తరువాత 1941లో అతడు రాయల్ కెనడియన్ ఎయిర్ ఫోర్స్‌లో, అనగా కెనడా వైమానిక దళంలో చేరాడు.

ఆ రోజుల్లో కెనడా ఒక విశాలమైన విమాన పాఠశాలగా మారి ఉంది. బ్రిటన్ గగనతలం యుద్ధరంగమైనందున శిక్షణకు అక్కడ భద్రత లేదు. అందుచేత 1939 డిసెంబరు 17న కుదిరిన ఒప్పందం ప్రకారం కామన్వెల్తు దేశాల విమాన సిబ్బందికి కెనడా మైదానాల్లో శిక్షణ ఇచ్చే పథకం మొదలై, యుద్ధం ముగిసేనాటికి 1,31,000 మందికి పైగా పైలట్లను, నావిగేటర్లను, గన్నర్లను తయారు చేసింది. మినార్‌స్కీని మొదట వైర్‌లెస్ పాఠశాలకు పంపారు. మోర్సు సంకేతాలు, అనగా చుక్కలు గీతలతో సందేశాలు పంపే పద్ధతి, అతనికి పట్టుబడలేదు. దానితో మానిటోబాలోనే ఉన్న గన్నరీ పాఠశాలకు మారి, 1942 చివరన ఎయిర్ గన్నర్‌గా, అంటే విమానంలో తుపాకీ పేల్చి శత్రువిమానాలను ఎదుర్కొనే సిబ్బందిగా, ఉత్తీర్ణుడై, కొద్దివారాల్లోనే సముద్రం దాటి ఇంగ్లండు చేరాడు.

1944 వసంతంలో అతడు ఉత్తర ఇంగ్లండులోని మిడిల్టన్ సెయింట్ జార్జి విమాన స్థావరంలో ఉన్న 419వ స్క్వాడ్రన్‌కు వచ్చాడు. స్క్వాడ్రన్ అంటే పది పన్నెండు మొదలు ఇరవై వరకు విమానాలు, వాటి సిబ్బంది కలిసిన దళం. ఈ దళానికి 'మూస్' అనే అధికారిక నామం ఉంది. మూస్ కెనడా అడవుల్లో తిరిగే పెద్ద కొమ్ముల దుప్పి జాతి జంతువు. దళపు తొలి అధిపతి జాన్ ఫుల్టన్‌కు ఆ ముద్దుపేరు ఉండేది. అతడు 1942 జూలైలో హాంబర్గ్ మీద దాడికి వెళ్లి తిరిగి రాలేదు, అతని దేహమూ దొరకలేదు. దళం ఆయన ముద్దుపేరునే తన పేరుగా నిలుపుకుంది. మినార్‌స్కీ ఆ దళంలో అడుగుపెట్టేనాటికే దాని పేరు పిలిచిన ప్రతిసారీ ఒక మృతుణ్ణి తలచుకోవడం జరుగుతూ ఉండేదని గమనించాలి.

అతడు ఎగిరిన లాంకాస్టర్ విమానం గురించి, అందులో ఎవరెవరు ఎక్కడ కూర్చునేవారో ఆ అమరిక గురించి కొంత వివరంగా తెలుసుకోకపోతే అతని మరణాన్ని అర్థం చేసుకోవడం కష్టం. నాలుగు ఇంజన్లు గల ఈ బాంబర్లను మొత్తం 7,377 తయారు చేయగా, వాటిలో 430 విమానాలు కెనడాలోని టొరంటో నగరం పక్కన మాల్టన్‌లో రూపొందాయి. ముందుభాగంలో పైలట్, యంత్రాలను చూసుకునే ఫ్లైట్ ఇంజనీరు, దారి లెక్కగట్టే నావిగేటర్, వైర్‌లెస్ ఆపరేటర్, బాంబులు జారవిడిచే బాంబ్ ఎయిమర్ దగ్గర దగ్గరగా ఉండేవారు. ఇద్దరు గన్నర్లు మాత్రం వారికి దూరంగా, చీకటిలో, చలిలో గడిపేవారు. వారిలో ఒకరు వీపు భాగంలో పైకి పొడుచుకు వచ్చిన గాజు గూటిలోనూ, మరొకరు తోక చివరన ఉన్న గూటిలోనూ కూర్చునేవారు. ఈ గూడును టరెట్ అంటారు. గన్నర్ కూర్చున్న ఆసనంతో, తుపాకులతో సహా అది పక్కలకు తిరగడానికి ఇంజన్ల బలంతో పీడనానికి లోనైన నూనె, సన్నని గొట్టాల ద్వారా ప్రవహించి శక్తినిచ్చేది. దీన్నే హైడ్రాలిక్ పద్ధతి అంటారు. ఇంజన్లు ఆగితే, లేదా గొట్టాలు తెగితే, టరెట్ ఉన్నచోటనే బిగుసుకుపోయేది. ఇంకొక ఇబ్బంది కూడా ఉండేది: తోక గూడు మరీ ఇరుకైనందున వెనుక గన్నర్ తన పారాచూట్‌ను లోపల పెట్టుకోలేక, వెలుపల విమానపు గొట్టంలాంటి పొడవైన దేహంలో వేలాడదీసి ఉంచేవాడు. బయటపడాలంటే అతడు గూడును నేరుగా వెనక్కి తిప్పి, తలుపు తెరిచి, పారాచూట్ అందుకొని, దాన్ని తగిలించుకొని దూకాలి. ఈ నాలుగు పనుల్లో ఏ ఒక్కటి ఆగినా ప్రాణం దక్కదు. విమాన నిర్మాణంలోని ఈ లోపం ఎన్నో ప్రాణాలను బలిగొన్నది. యుద్ధం ముగిసేవరకూ అది పూర్తిగా తొలగలేదు.

మినార్‌స్కీ పైగూటి గన్నర్. తోకగూటిలో అతని స్నేహితుడు పాట్ బ్రోఫీ ఉండేవాడు. బ్రోఫీ ఫ్లయింగ్ ఆఫీసరు హోదా గల అధికారి. మినార్‌స్కీ వారంట్ ఆఫీసరు, అనగా అధికారుల శ్రేణికి ఒక మెట్టు దిగువన ఉన్నవాడు. సైనిక నియమాల ప్రకారం వీరి భోజనశాలలు, నివాసాలు కూడా వేరువేరు. ఆ అంతరాన్ని వీరిద్దరూ స్నేహంలో ఒక పరిహాసంగా మార్చుకొని, రాత్రి విడిపోయేటప్పుడు మినార్‌స్కీ నిటారుగా నిలబడి సెల్యూట్ చేసి, అధికారికి చెప్పినట్టు శుభరాత్రి చెప్పేవాడని బ్రోఫీ అనంతరకాలంలో వివరించాడు. విమానానికి నాయకుడు, పైలట్ ఆర్ట్ డి బ్రెయిన్. జాక్ ఫ్రైడే, జిమ్ కెల్లీ, రాబర్ట్ బోడీ, రాయ్ విగర్స్ మిగిలిన నలుగురు. వీరిలో విగర్స్ ఇంగ్లండు వాడు, ఇతరులు కెనడియన్లు.

1944 జూన్ 6న మిత్రపక్షాల సైన్యాలు ఫ్రాన్సులోని నార్మండీ తీరంలో దిగాయి. తీరంలో నిలదొక్కుకోవాలంటే జర్మనీ అదనపు సైన్యాలను, ట్యాంకులను అక్కడికి తరలించకుండా అడ్డుకోవాలి. ఆ తరలింపు ప్రధానంగా రైళ్ల మీద ఆధారపడి ఉంది. ఈ కారణంగా ఆ రోజుల్లో బాంబర్ కమాండ్ శక్తిలో పెద్దభాగాన్ని ఫ్రాన్సు, బెల్జియం దేశాల మార్షలింగ్ యార్డుల మీదికి మళ్లించారు. గూడ్సు బండ్ల పెట్టెలను విడదీసి, వెళ్లవలసిన ఊళ్లను బట్టి తిరిగి వరుసగా కూర్చే విశాలమైన రైల్వే ప్రాంగణాలను మార్షలింగ్ యార్డులంటారు. ఉత్తర ఫ్రాన్సులోని కాంబ్రే పట్టణంలో అటువంటిది ఒకటి ఉంది. జూన్ 12వ తేదీ రాత్రి దాని మీదికి పంపిన విమానాల్లో డి బ్రెయిన్ సిబ్బంది నడిపిన కేబీ 726 సంఖ్య గల లాంకాస్టర్ కూడా ఉంది. అది వారికి పదమూడవ దాడి. లక్ష్యం చేరే సమయానికి తేదీ కూడా పదమూడుకు మారుతుంది. మృత్యువు ఎప్పుడు వస్తుందో తెలియని ఆ వృత్తిలో శకునాలకు ప్రాధాన్యం సహజం. బయలుదేరే ముందు గడ్డిలో దొరికిన నాలుగు రేకుల క్లోవర్ ఆకును, పాశ్చాత్యులు అదృష్టానికి చిహ్నంగా భావించేదాన్ని, మినార్‌స్కీ తన వద్ద ఉంచుకోక బ్రోఫీకి ఇచ్చాడని తరువాత బ్రోఫీయే చెప్పాడు.

అర్ధరాత్రి దాటిన తరువాత, లక్ష్యానికి దిగుతున్న సమయంలో, జర్మనీకి చెందిన రాత్రి ఫైటర్ విమానం వెనుక దిగువ దిశ నుంచి వచ్చి కాల్పులు జరిపింది. లాంకాస్టర్ కడుపు కింద తుపాకీ గాని, కిందికి చూసే కిటికీ గాని లేకపోవడాన్ని జర్మన్ పైలట్లు అప్పటికే బాగా గ్రహించి ఉన్నారు. గుళ్ల దెబ్బకు ఎడమవైపు రెండు ఇంజన్లూ ఆగిపోయాయి, రెక్కకు నిప్పంటుకుంది. పైగూటికి, తోకగూటికి మధ్య హైడ్రాలిక్ నూనె అంటుకొని మంటలు లేచాయి. విమానాన్ని వదిలి దూకమని డి బ్రెయిన్ ఆదేశించాడు. ముందున్నవారు ముందు ద్వారం గుండా బయటపడ్డారు.

మినార్‌స్కీ పైగూటి నుంచి దిగి, వెనుకభాగంలోని తలుపు వద్దకు చేరుకున్నాడు. అది తెరిచే ఉంది. ఒక్క అడుగు వేస్తే అతడు బతికేవాడు. ఆ క్షణంలో అతనికి తోకగూటిలో చిక్కుకున్న బ్రోఫీ కనిపించాడు. ఇంజన్లు ఆగడంతో ఆ గూటికి శక్తి లేదు. చేత్తో తిప్పే పిడి కూడా విరిగిపోయింది. మినార్‌స్కీ వెనుదిరిగి, మండుతున్న నూనెలో మోకాళ్లమీద పాకుతూ గూటిని చేరి, మొదట అగ్నిప్రమాద సమయంలో వాడే గొడ్డలితోనూ, తరువాత వట్టి చేతులతోనూ దాన్ని కదిలించడానికి ప్రయత్నించాడు. నడుము కిందిభాగమంతా, పారాచూట్‌తో సహా, అప్పటికి అంటుకుంది. ఇక లాభం లేదని గ్రహించిన బ్రోఫీ వెళ్లిపొమ్మని చేతితో సైగ చేశాడు. మినార్‌స్కీ అతనివైపే ముఖం ఉంచి, మంటల గుండా వెనక్కి పాకుతూ వెళ్లి, తలుపు దగ్గర నిటారుగా నిలబడి, సెల్యూట్ చేసి, ఏదో అని, దూకాడు. శబ్దానికి మాటలు వినిపించకపోయినా, అవి ప్రతిరాత్రి చెప్పే శుభరాత్రి మాటలేనని బ్రోఫీ చివరివరకు నమ్మాడు.

కాలుతున్న పారాచూట్ పతనాన్ని పూర్తిగా ఆపలేకపోయింది. కింద ఉన్న ఫ్రెంచి గ్రామస్థులు నిప్పుతో దిగివస్తున్న మనిషిని చూసి చేరదీశారు. కాని కాలిన గాయాల తీవ్రత వల్ల అతడు ఎక్కువసేపు బతకలేదు. అతనికి 27 ఏళ్లు. బాంబర్ సిబ్బందిలో అది పెద్దవాడిగా పరిగణించే వయసు. బ్రోఫీ మాత్రం విమానంతోనే నేలకు వచ్చాడు. గోదియెంప్రే అనే గ్రామం దగ్గర విమానం పొలంలోకి కూలుతుండగా ఒక చెట్టుకు రెక్క తగిలి అది గిరగిరా తిరిగింది, ఆ విసురుకు తోకగూడు బిగింపు వదిలి బ్రోఫీ దూరంగా విసిరివేయబడ్డాడు. పెద్ద గాయం ఏదీ లేకుండా అతడు లేచి నిలబడగలగడం ఈ వృత్తాంతంలో నమ్మశక్యం కాని ఘట్టం; అయినా అది జరిగింది, జరిగినందువల్లనే ఈ కథంతా లోకానికి తెలిసింది. జర్మనీ ఆక్రమణను రహస్యంగా ప్రతిఘటిస్తున్న ఫ్రెంచివారు అతణ్ణి నెలల తరబడి దాచి, 1944 సెప్టెంబరులో ఇంగ్లండు చేరుకొనే వీలు కల్పించారు. స్నేహితుడు మరణించాడన్న విషయం అతనికి ఆ తరువాతనే తెలిసింది. మినార్‌స్కీ తప్ప ఆ విమానంలోని ఆరుగురూ యుద్ధం దాటి బతికారు.

ఈ మధ్యకాలంలో విన్నిపెగ్‌లోని తల్లి పరిస్థితి వేలకొద్దీ కుటుంబాలు అనుభవించినదే. విమానం తిరిగి రానప్పుడు ఇంటికి వచ్చే తంతిలో 'కనిపించడం లేదు' అన్న అర్థం గల ఒక్క మాట ఉండేది. అది మరణవార్త కాదు, బతికి ఉన్నట్టు భరోసా కూడా కాదు. బందీగా పట్టుబడ్డాడేమో, ఎవరైనా దాచారేమో అన్న ఆశతో ఇంటివారు ఎదురుచూస్తుండగా, అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ద్వారా గాని, మరో మార్గంలో గాని సమాచారం అందకుండా సుమారు ఆరునెలలు గడిస్తే, మరణించినట్టుగా భావిస్తున్నామన్న రెండవ లేఖ వచ్చేది. అంత్యక్రియలు జరపడానికి దేహం లేదు, దినం పెట్టడానికి తేదీ నిశ్చయం లేదు. మన దేశంలో కూడా కానరాకుండా పోయినవారి కర్మకాండ విషయంలో పెద్దలు ఎదుర్కొనే చిక్కు ఇదే గనుక ఆ తల్లుల వేదనను తెలుగు పాఠకులు సులభంగానే గ్రహించగలరు.

బ్రోఫీ చెప్పిన సంగతులు విన్న డి బ్రెయిన్ పై అధికారులకు నివేదించగా, విచారణ పూర్తయి, మినార్‌స్కీకి విక్టోరియా క్రాస్ ప్రకటిస్తూ 1946 అక్టోబరు 11న బ్రిటిషు ప్రభుత్వ గెజిట్ వెలువడింది. శత్రువు ఎదుట చూపిన సాహసానికి బ్రిటిషు సామ్రాజ్యంలో ఇచ్చే అత్యున్నత పతకం అది. 1856లో విక్టోరియా రాణి దాన్ని నెలకొల్పింది. మరణసమయానికి అతనికి పైలట్ ఆఫీసరు హోదా మంజూరై ఉన్నందున గెజిట్‌లో ఆ హోదాతోనే పేర్కొన్నారు. అంటే ఆ రాత్రి సెల్యూట్ చేసినవాడు కూడా అధికారుల శ్రేణిలో చేరినవాడే. ఈ పతకానికి ప్రత్యక్షసాక్షుల వాంగ్మూలం కీలకం. అందువల్ల పోల్చదగిన సంగతి ఒకటి ఉంది. రెండవ ప్రపంచయుద్ధంలో కెనడా వైమానిక దళం నుంచి ఈ పతకం పొందినవారు ఇద్దరే. రెండవవాడైన డేవిడ్ హార్నెల్ 1944 జూన్ 24న ఉత్తర సముద్రజలాల్లో జర్మన్ జలాంతర్గామిని ముంచి, తన విమానమూ కూలి, గంటల తరబడి నీటిలో ఉండి మరణించాడు. అతనితో ఉన్నవారిలో బతికినవారు వెంటనే ఒడ్డు చేరి జరిగింది చెప్పడంతో మరుసటి నెలలోనే పతకం ప్రకటించారు. అతనికన్నా పదకొండు రోజుల ముందు మరణించిన మినార్‌స్కీకి రెండేళ్లకు పైగా పట్టింది. సాహసంలో తేడా లేదు, సాక్షి ఇల్లు చేరడంలోనే తేడా.

మినార్‌స్కీ ప్రయత్నం ఫలించలేదన్నది కూడా దాచవలసిన సంగతి కాదు. అతడు గూడును కదిలించలేకపోయాడు. బ్రోఫీ బతకడం అతని వల్ల జరగలేదు. ఫలితంతోనే విలువ కట్టేవారికి ఈ పతకం అర్థం కాదు. తెరిచి ఉన్న తలుపును వదిలి మంటల్లోకి వెనుదిరగడాన్నే ఆ గెజిట్ గుర్తించింది, ఆ గుర్తింపు సమంజసమైనది.

సాక్షి లేనివారి కోసం యుద్ధానంతరం వేరే మార్గాలు వెతకవలసి వచ్చింది. తప్పిపోయిన సుమారు 42 వేల మంది విమాన సిబ్బందిని వెతకడానికి బ్రిటిషు వైమానిక దళం ఒక ప్రత్యేక అన్వేషణ విభాగాన్ని ఐరోపా అంతటికీ పంపింది. ఆ బృందాలు గ్రామాల చర్చి రికార్డులు, కూలిన విమానాల ఇంజన్ సంఖ్యలు, బట్టల మీది చాకలి గుర్తులు, ఉంగరాలు పరిశీలించి వేలమంది సమాధులను గుర్తించాయి. ఏళ్ల తరబడి అంత ఓపికతో, ఒక్కొక్క మనిషి కోసం సాగిన ఈ పనికి యుద్ధచరిత్రల్లో దక్కిన చోటు చాలా తక్కువ. గుర్తించిన సమాధుల మీద కామన్వెల్తు యుద్ధ సమాధుల సంఘం ఒకే కొలత గల రాళ్లను నిలిపింది. అధికారికి, సామాన్య సిపాయికి మధ్య తేడా చూపరాదన్నది 1917లో ఏర్పడిన ఆ సంఘం తొలినుంచీ పాటించిన నియమం. ఫ్రాన్సులో అమియాన్ నగరానికి సమీపంలోని మేహరికూర్ గ్రామ శ్మశానవాటికలో మినార్‌స్కీ సమాధి ఉంది. సమాధి దొరకనివారి పేర్లను లండన్ సమీపంలోని రన్నీమీడ్ కొండ మీద 1953 అక్టోబరులో ఎలిజబెత్ రాణి ఆవిష్కరించిన స్మారకంలో చెక్కారు. అక్కడ ఇరవై వేలకు పైగా పేర్లున్నాయి. 'మూస్' ఫుల్టన్ పేరు వాటిలో ఒకటి.

కెనడా మరొక పద్ధతిని కూడా అనుసరించింది, ఈ పద్ధతులన్నింటిలో అది విశిష్టమైనది. మానిటోబా, సస్కాచెవాన్ రాష్ట్రాల ఉత్తరభాగంలో జనసంచారం లేని అడవుల మధ్య లెక్కలేనన్ని సరస్సులు పేరు లేకుండా ఉండేవి. ఆ సరస్సులకు, దీవులకు, అఖాతాలకు ఆయా రాష్ట్రాల నుంచి వెళ్లి యుద్ధంలో మరణించినవారి పేర్లు ఒక్కొక్కటిగా పెట్టారు. ఒక్క మానిటోబాలోనే నాలుగువేలకు పైగా స్థలాలు ఇలా పేర్లు పొందాయి. పతకం వచ్చినవాడికి, రానివాడికి ఈ విషయంలో భేదం లేదు. మినార్‌స్కీ సరస్సులు ఆ పటంలోనే, తొలి దాడిలోనే మరణించి ఎవరికీ గుర్తులేని గన్నర్ల సరస్సుల నడుమనే ఉన్నాయి. ప్రభుత్వ పటంలో చేరిన పేరును సర్వేయర్లు, చేపలు పట్టేవారు, విమాన పైలట్లు నిత్యం వాడుకోక తప్పదు. శిలాఫలకానికి ఈ బలం లేదు.

బాంబర్ సిబ్బంది స్మృతిని చుట్టుకొని ఉన్న నైతిక ప్రశ్నను దాటవేయడం చరిత్ర రచన కాదు. 1943 జూలైలో హాంబర్గ్‌లో ముప్ఫైవేలకు పైగా, 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్‌లో సుమారు 25 వేల మంది పౌరులు బ్రిటిషు, అమెరికా బాంబుల కింద మరణించారు. శత్రువు ఆక్రమణలో ఉన్న మిత్రదేశమైన ఫ్రాన్సులో సైతం యాభై వేలకు తక్కువ కాని పౌరులు మిత్రపక్షాల బాంబులకే బలయ్యారు. కాంబ్రే వంటి రైల్వే పట్టణాల ప్రజలు ఆ భయాన్ని రాత్రి రాత్రికీ అనుభవించారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు ఇళ్లు వదిలి పల్లెలకు తరలిన తీరాంధ్రుల జ్ఞాపకాలను బట్టి, ఆ భయం ఎలాంటిదో ఊహించవచ్చు. యుద్ధం ముగిసిన వెంటనే బ్రిటిషు ప్రభుత్వం ఈ దాడుల గురించి మౌనం వహించింది, బాంబర్ సిబ్బందికి ప్రత్యేక పతకం ఇవ్వలేదు. 1992లో కెనడా టెలివిజన్‌లో ప్రసారమైన ఒక డాక్యుమెంటరీ ఈ దాడులను తీవ్రంగా విమర్శించినప్పుడు మాజీ సైనికులు న్యాయస్థానానికి వెళ్లారు. ఒట్టావాలోని యుద్ధ మ్యూజియంలో ఇదే విషయమై పెట్టిన వివరణ ఫలకాన్ని వారి నిరసన కారణంగా 2007లో మార్చి రాయవలసి వచ్చింది. లండన్ గ్రీన్ పార్కులో బాంబర్ కమాండ్ స్మారకం 2012 జూన్ 28న గాని వెలవలేదు. దాని పైకప్పుకు బెల్జియం నేలలో కూలిన కెనడా దళపు హాలిఫాక్స్ బాంబర్ అల్యూమినియాన్ని వాడారు, బాంబుదాడుల్లో మరణించిన అన్ని దేశాల ప్రజలను కూడా స్మరిస్తున్నట్టు అక్కడ రాశారు. ఎక్కడ బాంబు వేయాలో నిర్ణయించింది ప్రభుత్వాలూ సేనాధిపతులూ కాగా, ఇరవై రెండేళ్ల గన్నర్‌కు అందులో ఎలాంటి పాత్రా లేదు. విధానాన్ని ఖండించేవారు సైతం ఆ యువకుల మరణానికి తలవంచవచ్చు, ఈ రెండింటికీ వైరుధ్యం లేదు.

మినార్‌స్కీ పేరు కాలం గడిచినకొద్దీ మరింత వ్యాపించింది. విన్నిపెగ్‌లో ఒక పాఠశాలకు అతని పేరు పెట్టారు. కెనడాలోని హామిల్టన్ నగరపు విమాన మ్యూజియం తాను పునరుద్ధరించిన లాంకాస్టర్‌ను 1988లో అతని స్మృతికి అంకితం చేసి, దాని మీద కేబీ 726 విమానపు అక్షరాలనే రాయించింది. ప్రపంచం మొత్తంలో ఈనాటికి ఎగరగల లాంకాస్టర్లు రెండే. 2014లో హామిల్టన్ విమానం అట్లాంటిక్ దాటి ఇంగ్లండు వెళ్లి రెండవదానితో కలిసి ఎగిరింది. ఒకనాటి మిడిల్టన్ సెయింట్ జార్జి స్థావరం ఇప్పుడు పౌర విమానాశ్రయం. స్థానిక దినపత్రిక పూనికతో పోగైన చందాలతో 2005 జూన్‌లో అక్కడ సెల్యూట్ చేస్తున్న భంగిమలో అతని కంచు విగ్రహం నెలకొల్పారు.

ఈ చరిత్రలో తెలుగునేలకు సూటిగా సంబంధించిన అంశం ఒకటుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సమకూర్చిన ధనంతో బ్రిటిషు వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ బాంబర్లు అమరాయి. దానికి గుర్తుగా ఆ దళం 'హైదరాబాద్' అన్న పేరును అధికారికంగా ధరించింది. అందులోని విమానం ఒకటి, 1918 అక్టోబరులో జర్మనీ చేతికి చిక్కి, తరువాత పోలండు చేరి, చివరికి లండన్‌లోని వైమానిక దళ మ్యూజియంలో నిలిచింది. బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించిన మరునాడు, 1939 సెప్టెంబరు 4న, జర్మన్ నౌకాదళం మీద బాంబర్ కమాండ్ జరిపిన తొలి దాడికి ముందు నడిచినది ఈ హైదరాబాద్ దళమే. ఆ దాడికి వెళ్లిన దాని అయిదు బ్లెన్‌హీమ్ విమానాల్లో ఒకటి తిరిగి రాలేదు. అందులోని సిబ్బంది బాంబర్ కమాండ్ మృతుల జాబితాలో మొదటివారిలో చేరారు. వారి చివరి నిమిషాలను చెప్పడానికి బ్రోఫీ వంటి సాక్షి ఎవరూ మిగల్లేదు. వారు తెలుగువారు కారు, హైదరాబాదును చూసినవారూ కాకపోవచ్చు. అయినా ఆ నగరం పేరు మోసిన దళంలో మరణించారు, ఆ దళపు తొలి విమానాలకు వెచ్చించిన సొమ్ము దక్కను రైతుల శిస్తు. నిజాం రాజ్య చరిత్ర రాసేవారు యుద్ధనిధికి ఇచ్చిన విరాళాల లెక్కల దగ్గర ఆగిపోక, ఈ 110వ దళం మృతుల పేర్లను కూడా తమ గ్రంథాల్లో చేర్చాలి.